ఈ వేసవిలో ఏది పండితే అదే వండుదాం: రుచి చూడటం, వండటం, పదిమందితో పంచుకోవడం

వేసవి ఎంత పొడుగ్గా అనిపించినా లెక్కేసి చూస్తే మన చేతికొచ్చేవి పన్నెండో పదమూడో ఆదివారాలు. వాటిలో ఒకటి రెండు ప్రయాణాలకి పోతాయి, ఒకటి చుట్టాలకి, ఒకటి ఒంట్లో బాగోక పోతుంది, ఇంక మిగిలేవి ఎనిమిదో తొమ్మిదో. తిండంటే ప్రాణం పెట్టేవాళ్లు ఈ లెక్క వేసవి మొదలవకముందే వేసుకోవాలి, ఎందుకంటే పంట మన తీరిక కోసం కాచుకుని కూర్చోదు. చాలా పండ్లకి అసలైన రుచి ఉండేది రెండు మూడు వారాలే. ఆ తర్వాత కూడా దుకాణంలో కనపడతాయి కానీ నోట్లో పెట్టుకుంటే అది ఆ పండు కాదు.

నేను చాలా ఏళ్లు ఈ సంగతి పట్టించుకోలేదు. మార్కెట్‌కి వెళ్లడం, రంగురంగులుగా కనపడినవన్నీ సంచిలో వేసుకోవడం, శనివారం రాత్రి హుషారుగా రెండు వంటలు చేయడం, బుధవారానికి మిగతావి మెత్తబడి చెత్తబుట్టలో పడటం, ఇదే వరస. ఒకసారి రెండు కిలోల టమాటాలు నీరుకారిపోయి పారేయాల్సి వచ్చింది. ఎవరో నెలల తరబడి నీళ్లు పెట్టి పెంచిన కాయలు కదా, మనసు చివుక్కుమంది. అప్పట్నుంచి "వారానికి ఒక్కటే" అని పెట్టుకున్నాను. ఆ వారం ఏది బాగా పండితే అది ఒక్కటే తెచ్చుకోవాలి, అందులోనే మూడు నాలుగు రకాలు దొరికితే అవన్నీ తెచ్చుకోవాలి. ముందు పచ్చిగా రుచి చూడాలి, తర్వాత రెండు రకాలుగా వండాలి, ఒక సీసాడు దాచుకోవాలి. నెలకోసారి పదిమందిని పిలవాలి. నేను చెప్పబోయేదంతా ఇంతే, కానీ ఒక్కోదాంట్లో తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

ముందు క్యాలెండర్, తర్వాతే రెసిపీ

మనలో చాలామంది రెసిపీ చూసి, దానికి కావలసినవి వెతుక్కుంటూ బయల్దేరతాం. వేసవిలో ఇది తిరగేయండి. ఒక నోట్‌బుక్ తీసుకుని వారానికో పేజీ కేటాయించండి, మీ దగ్గర పండించేవాళ్లని అడిగి ఏ పంట ఏ వారంలో మొదలవుతుందో పెన్సిల్‌తో రాసుకోండి. ఎండ ముందొస్తే పంట ముందొస్తుంది, వానలు పడితే వెనక్కి పోతుంది కాబట్టి పెన్ను వద్దు. మార్కెట్‌లో అడగాల్సిన ప్రశ్న "ఏది బాగుంది" అని కాదు, దానికి ఎవరైనా "అన్నీ బాగున్నాయి" అనే చెప్తారు. "ఈ వారం మీరు ఇంటికి ఏం తీసుకెళ్తున్నారు" అని అడగండి. పండించినవాళ్లు ఒక్క క్షణం ఆగి, బల్ల మీద ఉన్నవాటిలో ఒకదాన్ని చూపిస్తారు. నాకు మంచి పుచ్చకాయలన్నీ ఈ ఒక్క ప్రశ్నతోనే దొరికాయి. ఇంకో ప్రశ్న, "ఇది ఇంకెన్ని రోజులు వస్తుంది?" ఇంకో వారమే అంటే ఈ వారం పేజీ దానిదే.

ఆ నోట్‌బుక్‌లో ఏది ఎప్పుడు కొన్నారో, ఎలా ఉందో ఒక్క వాక్యం రాసి పెట్టండి చాలు. రెండో ఏడాదికి అది మీకు ఏ పుస్తకమూ ఇవ్వలేనంత పనికొస్తుంది.

కొనే దగ్గర చూడాల్సింది

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి. కొన్ని పండ్లు కోశాక కూడా పండుతాయి, కొన్ని పండవు. మామిడి, అరటి, టమాటా, పీచ్, ప్లమ్, బొప్పాయి, అవకాడో మొదటి గుంపు. ఇవి ఇథిలీన్ అనే వాయువుని వదులుతూ, దానితోనే తమంతట తాము పండుతాయి, అందుకే కాస్త గట్టిగా ఉన్నవి తెచ్చి కాగితం సంచిలో పెడితే ఆ వాయువు బయటికి పోకుండా ఉండి త్వరగా దారికొస్తాయి. పుచ్చకాయ, ద్రాక్ష, చెర్రీ, స్ట్రాబెర్రీ, అనాస, నిమ్మజాతి పండ్లు రెండో గుంపు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే, ఇంట్లో వారం పెట్టినా పైన తొక్క వాడుతుందే తప్ప తీపి పెరగదు. కాబట్టి పుల్లటి స్ట్రాబెర్రీలు "రెండు రోజులాగితే బాగుంటాయిలే" అని కొనకండి.

పుచ్చకాయకి వేలితో కొట్టి శబ్దం వినడం చాలామందికి అలవాటు, వినడంలో తప్పేం లేదు. నాకు మాత్రం దానికంటే నేలకి ఆనిన చోట ఉండే మచ్చ మీద నమ్మకం ఎక్కువ. అది తెల్లగా ఉంటే కాయ తొందరపడి కోసినట్టు, వెన్నలా పసుపు తిరిగి ఉంటే పండినట్టు. చూడ్డానికి ఒకే సైజులో ఉన్న రెండిట్లో బరువుగా ఉన్నదే తీసుకోండి. ఖర్బూజాకైతే ముక్కే ఆధారం, తొడిమ ఊడిన చోట వాసన చూస్తే తెలిసిపోతుంది. మామిడికి రంగు చూసి మోసపోవద్దు, ఎరుపు ఎండ తగిలిన వైపు వచ్చేది మాత్రమే. ముచ్చిక చుట్టూ భుజాలు నిండి ఉన్నాయా లేదా చూడండి. పీచ్‌కీ అంతే, బుగ్గ మీది ఎరుపు కాదు, దాని వెనకాల రంగు ఆకుపచ్చ పోయి పసుపు తిరిగిందా అన్నదే లెక్క. వంకాయ నిగనిగలాడుతూ, వేలితో నొక్కితే మళ్లీ పైకి రావాలి. మొక్కజొన్న పొత్తుల పైన పీచు కాస్త జిగురుగా, కాడ తడిగా ఉండాలి, కాడ ఎండి గోధుమ రంగులోకి మారితే కోసి చాలాసేపైందని అర్థం.

పొత్తుల గురించి ఇంకో మాట. కోసిన నిమిషం నుంచే వాటిలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది. పాత రకాల తీపి మొక్కజొన్న అయితే బాగా ఎండగా ఉన్న రోజు బయట వదిలేస్తే ఒక్క రోజులోనే సగం తీపి పోతుంది. ఇప్పుడొచ్చే సూపర్ స్వీట్ రకాలు కొంచెం ఓర్చుకుంటాయి. ఏ రకమైనా పొట్టుతోనే ఫ్రిజ్‌లో పెట్టి, తెచ్చిన రోజే వండుకోవడం మేలు.

రుచి చూడటం ఒక పని

ఈ భాగం మీదే నాకు ప్రేమ ఎక్కువ, కాబట్టి ఇక్కడ కాస్త నిదానిస్తాను.

మనం తినేటప్పుడు రుచి చూస్తున్నామనే అనుకుంటాం కానీ చాలాసార్లు కడుపు నింపుకుంటాం అంతే. రెండు రకాలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడే నాలుక నిజంగా పని చేస్తుంది. ఒక్క టమాటా తింటే "బాగుంది" అంటాం. అయిదు రకాలు వరసగా తింటే ఇది పుల్లగా ఉంది, ఇది చప్పగా ఉంది కానీ వాసన బాగుంది, దీని తొక్క గట్టి, దీని గుజ్జులో కమ్మదనం ఉంది అని మాటలు వాటంతటవే వస్తాయి.

చేసే పద్ధతి ఇది. అయిదారు రకాలకి మించి పెట్టకండి, ఆ తర్వాత నోరు అలిసిపోతుంది. అన్నీ ఒకే మందంలో కోయండి, అన్నీ గది వేడిలోనే ఉండాలి. ప్లేటు అడుగున రకం పేరు రాసి, పైన అంకె మాత్రం పెట్టండి. మనిషికో కాగితం, ఒక గ్లాసు మామూలు నీళ్లు, మధ్యమధ్యలో నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పూ వెన్నా లేని రొట్టె ముక్క. ముందు ఉప్పు లేకుండా ఒక ముక్క, తర్వాత చిటికెడు ఉప్పుతో ఇంకో ముక్క. తేలికపాటి రుచులు ముందు, గాఢమైనవి చివర. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, రాయడమే. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గట్టిగా మాట్లాడే మనిషి ఒకరు "రెండోది అద్భుతం" అన్నారంటే మిగతా అందరి నాలుకలూ రెండో నంబర్ వైపు తిరిగిపోతాయి.

కిందటేడాది మా ఇంట్లో ఎనిమిది మందిమి ఇలాగే కూర్చున్నాం. ఆరు ప్లేట్లు. నేను ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న పని చేశాను, రెండో నంబరూ అయిదో నంబరూ ఒకే రకం. తేడా అల్లా ఒకటి వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచి ముందురోజు బయటికి తీసింది, ఇంకోటి ఆ పొద్దున తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. కాగితాలు తెరిచి చూస్తే ఒక్కరు కూడా అవి ఒకటేనని పట్టలేదు. రెండో నంబర్ దగ్గర "నీళ్లు నీళ్లుగా ఉంది", "వాసన లేదు" అని రాసి ఉంది. అయిదో నంబర్ దగ్గర ఒకావిడ "టమాటా ఆకు నలిపిన వాసన" అని రాశారు. ప్లేట్లు తిప్పి పేర్లు చూపించాక బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. 2016లో ఫ్లోరిడా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చెప్పిందీ ఇదే. 5 డిగ్రీల చలిలో వారం పాటు ఉంచిన టమాటాల్లో వాసనకి కారణమైన పదార్థాలు తయారు చేసే జన్యువుల పని మందగిస్తుంది, మళ్లీ బయట పెట్టినా పూర్తిగా కోలుకోదు. చదివినప్పుడు సరేలే అనుకున్నాను కానీ ఎనిమిది కాగితాలు చూశాకే ఒంటపట్టింది. పండిన టమాటా మిగిలిపోయి పాడవుతుందనుకుంటే ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టుకోవడం వేరే సంగతి, దానివల్ల పెద్దగా నష్టం లేదు.

పిల్లలు ఉంటే ఇంకో ఆట ఆడించండి. ముక్కు గట్టిగా మూసుకుని పుదీనా ఆకు నమలమనండి, ఏదో పచ్చి ఆకు, కొంచెం చల్లదనం, అంతే తెలుస్తుంది. నమలుతుండగానే ముక్కు వదలమనండి. ఒక్కసారిగా పుదీనా అయిపోతుంది. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం నోటి వెనక నుంచి ముక్కులోకి పోయే వాసనే. జలుబు చేసినప్పుడు ఏదీ రుచించకపోవడానికి కారణం కూడా ఇదే కదా.

చలి కూడా నాలుకని మొద్దుబారుస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ ఒక చెంచా తాగి చూడండి, అంత తీపా అని ఆశ్చర్యపోతారు. అందుకే పుచ్చకాయ ఫ్రిజ్‌లోంచి తీసీ తియ్యగానే కాకుండా పది నిమిషాలాగి తింటే దాని తీపి ఎక్కువ తెలుస్తుంది.

టమాటాలో గింజల చుట్టూ ఉండే జిగురు గుజ్జుని చాలామంది తీసి పారేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. కమ్మదనాన్నిచ్చే గ్లుటమేట్ కండలో కంటే ఆ గుజ్జులోనే ఎక్కువ. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు చారులో పట్టుకుని ఉమామి అని పేరు పెట్టింది ఈ గ్లుటమేట్ రుచికే.

మిరపకాయలు రుచి చూసే సరదా ఉంటే అన్నిటికంటే చివర పెట్టుకోండి, పక్కన పాలో పెరుగో ఉంచుకోండి. మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, పాలల్లోని ప్రోటీన్, కొవ్వు దాన్ని పట్టుకుని లాగేస్తాయి. 1912లో విల్బర్ స్కోవిల్ మిరపకాయ ఘాటుని కొలిచింది కూడా మనుషుల నాలుకలతోనే, మిరప సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకి ఇంక మంట తెలియడం లేదన్న చోట ఆగాడు. మీ ఇంట్లో చేసే పరీక్ష ఇంత దాకా పోనక్కర్లేదు, గింజ పక్కన ఉండే తెల్లటి ఈనె ముక్కకీ, కాయ కొన ముక్కకీ తేడా చూస్తే చాలు. ఘాటంతా ఆ ఈనెలోనే ఉంటుంది.

మాటల విషయానికొస్తే, మనకి ఉన్నన్ని రుచి మాటలు ఊరికే పోనివ్వకండి. వగరు, కమ్మన, చప్పన, కటిక చేదు, పులపులగా, నాలుక మీద జివ్వుమనడం, గొంతులో గరగర, ఇవన్నీ కాగితం మీద పెట్టండి. "బాగుంది" అన్న మాట ఒక్కటీ ఆ రోజుకి నిషేధం అనుకోండి.

రుచి చూశాకే వంట

పచ్చిగా తిన్నప్పుడు ఎలా ఉందో అదే వంట ఏం చేయాలో చెప్పేస్తుంది. బాగా ఉన్నదాన్ని పొయ్యి దగ్గరికి తీసుకుపోకండి, ఉప్పు, కాస్త నూనె, నాలుగు ఆకులు, అంతే. పుల్లగా ఉన్న పండ్లని ముక్కలు చేసి అరకిలోకి యాభై గ్రాముల చక్కెర కలిపి అరగంట పక్కన పెట్టండి, వాటి రసంలోనే అవి ఊరి మెత్తగా, తియ్యగా అవుతాయి. చప్పగా, నీళ్లగా ఉన్న టమాటాలని రెండు చెక్కలు చేసి ఉప్పు, నూనె రాసి అవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మూడు గంటలు వదిలేయండి. నీరు ఆవిరైపోయి ఉన్న రుచంతా దగ్గరపడుతుంది. నాకు తెలిసి చప్పటి టమాటాలకి ఇంతకంటే మంచి దారి లేదు.

టమాటా, కీర దోసకాయ సలాడ్‌లు అడుగున నీళ్లు ఊరి చప్పబడతాయని చాలామంది బాధపడతారు. కోసిన ముక్కలకి ఉప్పు చల్లి జల్లెడలో ఇరవై నిమిషాలు పెట్టండి, కింద గిన్నెలో దిగిన రసం పారబోయకుండా నిమ్మరసం, నూనె కలిపి దాన్నే మళ్లీ ముక్కల మీద పోయండి. చల్లగా తినే వంటకం ఏదైనా చల్లారాకే చివరిసారి ఉప్పు చూడాలి, వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన ఉప్పు ఫ్రిజ్‌లోంచి తీశాక తక్కువనిపిస్తుంది. పుదీనా, తులసి జాతి ఆకులు దించే ముందే వేయండి. ఇటాలియన్ వంటల్లో వాడే బేసిల్‌ని ఫ్రిజ్‌లో పెడితే నల్లబడిపోతుంది, గ్లాసులో నీళ్లు పోసి పువ్వుల్లా గట్టు మీద నిలబెట్టండి.

చేదు గురించి జాగ్రత్త. కీర దోసకాయ తొడిమ వైపు కాస్త చేదుంటే ఆ ముక్క కోసి పారేసి మిగతాది తినొచ్చు, నీళ్లు చాలక ఎండకి తట్టుకోలేని తీగల్లో కుకుర్బిటాసిన్ అనే పదార్థం పెరగడం వల్ల వచ్చే చేదు అది. కానీ సొరకాయ, గుమ్మడి, జుకినీ లాంటివి ఎప్పుడూ లేని కటిక చేదుగా తగిలితే ఒక్క ముద్ద కూడా మింగకండి, వండినా ఆ విషం పోదు. అంత మంచి కాయ పారేయడమా అని చూసుకోకండి. అందుకే వండే ముందు ప్రతి కాయా చిన్న ముక్క నాలుకకి తగిలించి ఉమ్మేయడం అలవాటు చేసుకోమంటాను.

తాగడానికి ఒకటి చెప్తాను, మెత్తబడిన పండ్లకి దీన్ని మించిన గతి లేదు. పండ్ల గుజ్జు, చక్కెర, వెనిగర్ మూడూ సమానంగా తూచుకోండి. గుజ్జులో చక్కెర కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున వడకట్టి వెనిగర్ కలిపి సీసాలో పోసి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి రోజు వెనిగర్ ఘాటు ముక్కుకి కొడుతుంది, వారానికి అదీ పండూ కలిసిపోతాయి. రెండు మూడు చెంచాలు గ్లాసులో వేసి సోడా పోసుకుంటే ఎండలోంచి వచ్చినవాళ్లకి ప్రాణం లేచొస్తుంది.

ఒక సీసాడు దాచుకోవడం

అన్నిటికంటే తేలిక ఫ్రీజర్. ముక్కల్ని ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించి, అప్పుడు సంచిలోకి మార్చండి. ముందే సంచిలో వేస్తే అంతా ఒకే బండరాయిలా అతుక్కుపోతుంది. సంచి మీద తేదీ రాయడం మర్చిపోవద్దు.

జామ్‌కి కావాల్సినవి చక్కెర, పులుపు, పండులో ఉండి జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్. బాగా పండినదాంట్లో పెక్టిన్ తగ్గిపోతుంది కాబట్టి నాలుగింట ఒక వంతు కాస్త పచ్చిగా ఉన్న పండ్లు కలపండి, నిమ్మరసం పిండండి. థర్మామీటర్ ఉంటే 104, 105 డిగ్రీల దగ్గర దించేయండి. ఎత్తైన ప్రదేశాల్లో ఉండేవాళ్లకి నీళ్లే తక్కువ వేడికి మరుగుతాయి కాబట్టి అక్కడ నీళ్లు మరిగే వేడికి నాలుగు డిగ్రీలు పైన అని లెక్క పెట్టుకోవాలి. థర్మామీటర్ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన సాసర్ మీద ఒక చుక్క వేసి నిమిషమాగి వేలితో తోయండి, ముడతలు పడితే అయినట్టే.

ఉప్పునీళ్లలో పులియబెట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే రోజూ మూత తీసి రుచి చూడొచ్చు. తరిగిన కూరగాయ తూచి, కిలోకి ఇరవై గ్రాముల ఉప్పు, అంటే 2 శాతం, చేత్తో బాగా నలిపి ఊరిన నీటిలోనే మునిగేలా సీసాలో నొక్కండి. కీర దోసకాయలు తరగకుండా వేసేట్టయితే నీళ్లు పోయాలి, లీటరుకి నలభై యాభై గ్రాముల ఉప్పు పడుతుంది. ముక్క గాలికి తేలకూడదు, అంతా నీటి కిందే ఉండాలి, పైన చిన్న గిన్నె బరువు పెట్టినా సరే. గాలి లేని చోట లాక్టిక్ ఆసిడ్ పుట్టించే బాక్టీరియా పెరిగి పులుపెక్కుతుంది, పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ అంకె (అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే కిందికి దిగితే ప్రాణాంతకమైన బొట్యులిజం బాక్టీరియాకి అక్కడ చోటుండదు. మూడో రోజు బుడగలు వస్తాయి, మూత వదులు చేస్తుండండి. పైన పలచగా తెల్లటి పొర కడితే తీసేయొచ్చు. నూగులా, రంగు రంగులుగా బూజు పడితే మాత్రం ఆలోచించకుండా మొత్తం పారేయండి.

నూనెలో పచ్చి వెల్లుల్లి, ఆకులు వేసి గట్టు మీద పెట్టడం మాత్రం చేయకండి. చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ పులుపు లేదు, గాలి లేదు, గది వేడి ఉంది, బొట్యులిజానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా ఐస్ ట్రేలో గడ్డకట్టించుకోండి.

పదిమందితో కలిసి

మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లండి, మొదటి చుట్టు చేతులు కట్టుకుని చూడ్డానికి, రెండో చుట్టు కొనడానికి. తోటలోకి రానిచ్చి మనల్నే కోసుకోమనే చోట్లు ఉంటే తప్పకుండా పోవాలి. ఎండెక్కకముందే వెళ్లి, లోతు తక్కువ ఉన్న ట్రేలు తీసుకెళ్లండి, బకెట్ నిండా బెర్రీలు వేస్తే అడుగున ఉన్నవి పైవాటి బరువుకే నలిగిపోతాయి. కోసుకుంటూ తినొచ్చా లేదా ముందే అడగండి. బెర్రీలు ఇంటికొచ్చాక కడిగి దాచకండి, తినే ముందే కడగాలి, తడికి బూజు పడుతుంది.

ఫుడ్ ఫెస్టివల్స్‌కి ఆకలితో నకనకలాడుతూ వెళ్తే మొదటి రెండు స్టాళ్లలోనే కడుపు నిండిపోతుంది. కాస్త తిని, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఒక్కో ప్లేటు పంచుకోండి. మీ ప్రాంతంలో కనుమరుగైపోతున్న రకాలు ఏమున్నాయో తెలుసుకోవాలంటే స్లో ఫుడ్ సంస్థ 1996లో మొదలుపెట్టిన "ఆర్క్ ఆఫ్ టేస్ట్" జాబితా చూడండి, ప్రపంచమంతటా అలాంటి పంటల పేర్లు అందులో చేరుస్తూ వస్తున్నారు. అందులోది ఒక్కటి వెతికి పట్టుకుని మీ తర్వాతి రుచి పరీక్షలో పెడితే అందరికీ గుర్తుండిపోతుంది.

ఇంక అసలైనది, ఎవరికి వాళ్లు ఒక వంటకం చేసుకొచ్చి కలిసి తినే భోజనం. "ఏదైనా తెండి" అంటే నలుగురు స్వీట్లు, ముగ్గురు అన్నం వంటకాలు తెస్తారు. ఆ వారం పంట ఒక్కటి చెప్పండి, వంకాయ అనుకోండి, ఒకరికి కాల్చినది, ఒకరికి వేయించినది, ఒకరికి పుల్లగా, ఒకరికి చల్లగా, ఇంకొకరికి తోడుగా రొట్టెలు, ఒకరికి పండ్లు, వంట రానివాళ్లకి ఐసూ నీళ్లూ. ఇరవై మంది వస్తున్నారని ప్రతి ఒక్కరూ ఇరవై మందికి వండితే సగం మిగిలిపోతుంది, ఎనిమిది మందికి సరిపడా తెమ్మంటే అందరికీ అన్నీ కొంచెం కొంచెం అందుతాయి.

చీటీలు రాయడం దగ్గర మాత్రం బద్ధకించకండి. ఒకసారి నేను తీసుకెళ్లిన ఆకుపచ్చ చట్నీలో చిక్కదనం కోసం జీడిపప్పు రుబ్బి వేశాను, ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. భోజనాల మధ్యలో ఒక అమ్మాయి పెదవులు ఉబ్బడం మొదలైంది. ఆ అమ్మాయి సంచిలో మందు ఉండబట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లగలిగాం కాబట్టి ఏమీ కాలేదు కానీ ఆ అరగంట టెన్షన్ నేనింకా మర్చిపోలేదు. అప్పట్నుంచి ప్రతి గిన్నె ముందు చీటీ ఉంటుంది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు పీతల్లాంటివి, జీడిపప్పు బాదం లాంటి గింజలు, వేరుశెనగ, గోధుమ, సోయా, నువ్వులు. ఈ తొమ్మిదిట్లో ఏది ఉంటే అది పెద్ద అక్షరాలతో రాయాలి. ప్రతి గిన్నెకీ దాని గరిటె దానికే, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టొద్దని అందరికీ ముందే చెప్పేయండి.

రెండోది ఎండ. వండిన పదార్థం 4 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఉన్నంతసేపూ బాక్టీరియా పెరుగుతూనే ఉంటుంది. బయట పెట్టిన తిండికి రెండు గంటలే గడువు, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే ఒక్క గంటే. కోసిన పుచ్చకాయ, ఖర్బూజాకి కూడా ఇది వర్తిస్తుంది, పండే కదా అని వదిలేయకండి. గరుకు తొక్కలో ఉన్న మట్టి కత్తితో పాటు లోపలికి పోతుంది కాబట్టి కోసే ముందే తొక్కని నీళ్ల కింద రుద్ది కడగాలి. చల్లని వంటకాల గిన్నెని ఐసు పోసిన పెద్ద పళ్లెంలో కూర్చోబెట్టండి. అంతా ఒకేసారి బయట పెట్టకుండా చిన్న గిన్నెల్లో కొంచెం కొంచెం తీసుకురండి, ఖాళీ అయిన గిన్నె మీదే కొత్తది పోయకుండా గిన్నె మార్చండి. గడియారం చూసే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి, నలుగురి బాధ్యత అంటే ఎవరూ చూడరు.

వేసవి చివరి భోజనానికి విత్తనాలు కూడా తెమ్మనండి. ఆ ఏడాది అందరికీ నచ్చిన టమాటా ఏదో మీ కాగితాలే చెప్తాయి. అది హైబ్రిడ్ కాకపోతేనే గింజ దాచండి, హైబ్రిడ్ గింజ నాటితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు. బాగా పండినదాన్ని కోసి గింజల గుజ్జుని గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి రెండు మూడు రోజులు పక్కన పెట్టండి. వాసనేస్తుంది, పైన తెట్టు కడుతుంది, కంగారు పడకండి, గింజ చుట్టూ ఉండే జిగురు పొర కరిగిపోవాలంటే అలా పులవాలి. తర్వాత నీళ్లు పోసి కలిపితే మంచి గింజలు అడుక్కి చేరతాయి, తేలినవి వంపేయండి. అడుగున ఉన్నవాటిని జల్లెడలో కడిగి, కాగితం మీదైతే అంటుకుపోతాయి కాబట్టి పింగాణీ ప్లేటు మీద పలచగా పరిచి నీడలో వారం ఆరనివ్వండి. గలగలమన్నాక చిన్న కవర్లలో పోసి, ఒక్కో కవరు మీద రకం పేరు, ఏడాది, ఆ రోజు కాగితం మీద ఎవరో రాసిన రుచి మాట ఒకటి రాసి, వచ్చినవాళ్లకి తలా పది గింజలు చేతిలో పెట్టండి.